రామి రోసెన్ కెర్నెల్ నెట్‌వర్కింగ్ బుక్ – ఇప్పుడు కొనొచ్చా?

నల్లగొండల ఉండి లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపల నెట్‌వర్కింగ్ నేర్చుకుందామంటే ముందుగాల బుక్కే దొరకదు. మా ఊళ్ల షాపులల్ల అడిగితే డీఎస్సీ, గ్రూప్స్ గైడ్లు చూపెట్టిన్రు, ఇగ బస్సెక్కి ఎంజీబీఎస్‌ల దిగి కోఠికి పోయిన, ఆడ పాత పుస్తకాలాయన "గిదొక్కటే ఉంది తమ్మీ" అని బెన్‌వెనుటి రాసిన లావు బుక్ చేతిల పెట్టిండు. 2005ది. కొన్న.

మంచిగనే రాసిండు గానీ, రూటింగ్ క్యాష్ (ప్యాకెట్లు పోయే దారుల్ని గుర్తుపెట్టుకునేది) గురించి రెండు రాత్రులు కూసొని చదివి ఆ హ్యాష్ టేబుల్ పేరు ఇప్పటి సోర్స్‌ల గ్రెప్ కొట్టి వెతికితే ఒక్క లైన్ గూడ రాలే. స్పెల్లింగ్ తప్పు కొట్టిననేమో అని మళ్ల మళ్ల కొట్టిన. తర్వాత తెలిసింది, ఐపీవీ4 రూటింగ్ క్యాష్‌ని 2012లనే 3.6 వెర్షన్‌ల తీసేసిన్రంట. మస్తు బాధైంది.

అప్పుడు రోసెన్ బుక్ ఆన్‌లైన్‌ల తెప్పించుకున్న. సెల్లర్ లేటెస్ట్ అని పెట్టిండు, చూస్తే 2013 చివర్ల వచ్చింది. అయినా నాకు నచ్చింది. నెట్‌లింక్, రూటింగ్, ఐపీవీ6, ఐపీసెక్, వైర్‌లెస్ అన్నీ కోడ్ చూపెట్టుకుంటనే చెప్పిండు. వెనకాల అపెండిక్స్‌ల ఎస్కేబఫ్ (కెర్నెల్‌ల ఒక్కో ప్యాకెట్‌ని పట్టుకునే స్ట్రక్చర్) మీద రాసింది ముందుగాల చదవున్రి, ప్యాకెట్ పైలేయర్‌కి పోతుంటే హెడర్ తీసేసుడంటే డేటాని కాపీ కొట్టుడు కాదు, డేటా పాయింటర్‌ని ముందుకు జరుపుడే అని నాకు సమజైనంక డ్రైవర్ కోడ్ చదువుడు ఎంత అల్కగైందో చెప్పలేను.

లేనియి గూడ ఉన్నయ్. ఫైర్‌వాల్ పాఠం ఎక్కువ ఐపీటేబుల్స్ మీదనే, దాని జాగల వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ బుక్ తర్వాతనే, 2014 జనవరిల 3.13 కెర్నెల్‌తోని వచ్చింది. 2016ల 4.8తోని వచ్చిన ఎక్స్‌డీపీ (ప్యాకెట్‌ని డ్రైవర్ కాడనే జల్ది చూసేది), 2020ల 5.6ల చేరిన వైర్‌గార్డ్ వీపీఎన్ ఇందుల దొరకయి, ఇయ్యాల జాబ్‌లల్ల అడిగేటియి అవే. వాటికి కెర్నెల్ సోర్స్‌లనే డాక్యుమెంటేషన్ కింద నెట్‌వర్కింగ్ ఫోల్డర్ ఉంటది, పైసా ఖర్చు లేదు, కోడ్ మారితే అది గూడ మారుస్తుంటరు.

నేనైతే నాలుగు స్టార్లు ఇస్తున్న. కొనేటోళ్లు బుక్ టైమ్‌ది 3.12 సోర్స్ ఒకటి, ఇప్పటిది ఒకటి దించుకొని, పేజీల ఫంక్షన్ పేరు కనబడ్డప్పుడల్లా రెండిట్ల వెతుక్కుంట చదవున్రి.