నిస్కిన్ బాటిల్: కొంటే 10 లీటర్లదే

పరిశోధన నౌక ఎక్కిన విద్యార్థి వాచ్‌లో (డ్యూటీ వేళల్లో) ఎక్కువసేపు గడిపేది, కోరిన లోతు నుంచి సముద్రపు నీటి నమూనా తెచ్చే ఈ బూడిదరంగు పీవీసీ గొట్టంతోనే. సీటీడీ (నీటి లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం) చుట్టూ ఉన్న రోజెట్ అనే గుండ్రటి చట్రంలో ఇవి సాధారణంగా 12 గానీ 24 గానీ ఉంటాయి. రెండు చివరలా మూతలు, లోపల వాటిని దగ్గరకు లాగే రబ్బరు ట్యూబు, అంతే. బాటిల్లో మోటారు లేదు, బ్యాటరీ లేదు. అందుకే నమ్మకమైన సరుకు.

5 లీటర్ల సైజు తేలిక, కానీ నీళ్ళు చాలవు. కరిగిన ఆక్సిజన్ కొలవడానికి 125 మి.లీ. సీసాను మూడు రెట్లు పొంగించి నింపాలి కాబట్టి అరలీటరు పోతుంది. సరిచూసుకునే రెండో సీసాతో (డూప్లికేటు) కలిపి లీటరు. కార్బన్ నమూనాకు మరో లీటరు, కడగడంతో కలిపి లవణీయతకు అరలీటరు, క్లోరోఫిల్‌కు రెండు లీటర్లు. ఇక నీటిలోని పోషకాలు కొలిచేవాళ్ళకు మిగిలేది అరలీటరే. 10 లీటర్లదైతే ఈ తగువు ఉండదు. కాకపోతే 24 బాటిళ్ళు నిండితే నీళ్ళ బరువే 240 కిలోలు. చట్రాన్ని దించి లాగే వించ్ సామర్థ్యం చూసుకోవాలి.

అసలు లోపాలన్నీ ఎయిర్ వెంట్ (లోపలికి గాలి వదిలే మర), కుళాయి, లాన్యార్డ్ (తెరిచిన మూతను కొక్కేనికి పట్టి ఉంచే తీగ) దగ్గరే. దించే ముందు వెంట్ బిగించారా, కుళాయి మూసి ఉందా అని ఒకరు చెబుతూ ఇంకొకరు చేత్తో తడిమి చూడాలి. లాన్యార్డ్ పక్క బాటిల్‌కు చుట్టుకుంటే మూత సగమే పడుతుంది. మూతలు తెరిచి కొక్కేనికి తగిలించేటప్పుడు వేళ్ళు అంచు లోపల పెట్టొద్దు, జారితే నలిగిపోతాయి.

పైకి వచ్చేటప్పుడు ప్రతి లోతులోనూ అరనిమిషం నుంచి నిమిషం ఆగాకే కొక్కెం వదిలించి ఒక బాటిల్ మూయాలి. లేకపోతే కింది నీరే లోపల మిగిలి ఉంటుంది. డెక్ మీదకొచ్చాక వెంట్ తెరవకుండానే కుళాయి తిప్పండి. ధార ఆగకపోతే లీకున్నట్టే, లాగ్‌షీట్‌లో రాసేయండి. బంగాళాఖాతంలో ఇంకో సులువు ఉంది: 1000 మీటర్ల నీరు 10 డిగ్రీల లోపే ఉంటుంది కాబట్టి గొట్టం చల్లగా తగలాలి. గోరువెచ్చగా ఉంటే అది పైపొరలోనే మూసుకుందన్నమాట. ఇక్కడ చిన్న లీకు కూడా దాగదు. లోతు నీటిలో ఆక్సిజన్ బాగా తక్కువ, పైనీటిలో ఉప్పు తక్కువ. పైనీరు చొరబడితే ఆక్సిజన్ పెరిగి, లవణీయత తగ్గి కనిపిస్తుంది.

నమూనాలు పట్టేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత కార్బన్, పోషకాలు, చివర లవణీయత. ఈ వరుస మార్చొద్దు. వెంట్ తెరిచిన క్షణం నుంచీ గాలి లోపలికి చేరుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సీసా అడుగుదాకా సిలికాన్ ట్యూబు పెట్టి, బుడగ లేకుండా నింపాలి.

ప్రాథమిక ఉత్పాదకత (ఫైటోప్లాంక్టన్ అనే సూక్ష్మ మొక్కలు ఆహారం తయారుచేసే వేగం) కొలిచేవాళ్ళకు మాత్రం మామూలు రబ్బరున్నది వద్దు, ఆ రబ్బరు ఫైటోప్లాంక్టన్‌కు పడదు. సిలికాన్ ట్యూబు వేయించుకోవాలి. లేదంటే మూసుకుని దిగి 10 మీటర్ల దగ్గర తెరుచుకునే గో-ఫ్లో రకం బాటిల్ వాడాలి.

యాత్ర ముగిశాక మంచినీళ్ళతో కడిగి, మూతలను కొక్కెం నుంచి వదిలేసి దాచండి. వారాల తరబడి తెరిచి బిగించి ఉంచితే రబ్బరు సాగిపోయి పట్టు పోతుంది. నీరు కారకుండా మూతలకు వేసే ఓ-రింగులు, కుళాయిలు, లాన్యార్డ్ తీగ అదనంగా తీసుకెళ్ళండి, నడిసముద్రంలో దుకాణం ఉండదు.