ఒక్క స్టేషన్, మూడు ఊళ్లు: మామయ్యతో ఇస్తాంబుల్

సిర్కెజి స్టేషన్లో దిగగానే మా మామయ్య చేసిన మొదటి పని ప్లాట్‌ఫారం స్తంభాల పక్కన అటూ ఇటూ రెండుసార్లు నడవడం. రెండో పని నా చేతిలో ఫోను లాక్కోవడం. "ఆ సీను పెట్టరా" అన్నాడు. పెట్టాను. 1963 నాటి జేమ్స్ బాండ్ సినిమా 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో బాండూ ఆ రష్యన్ అమ్మాయీ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే సీను. తర్వాత బండి బెల్‌గ్రేడ్‌లో ఆగుతుంది, ఆ తర్వాత జాగ్రెబ్‌లో. మామయ్య మూడుసార్లు వెనక్కి జరిపి చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"యాభై ఏళ్లు మోసపోయానురా. బండి కదల్లేదు. బోర్డు మారింది, అంతే."

నిజమే. ఇస్తాంబుల్, బెల్‌గ్రేడ్, జాగ్రెబ్ మూడు స్టేషన్లూ ఈ సిర్కెజిలోనే తీశారు. మామయ్య ముప్ఫై ఆరేళ్లు రైల్వేలో చేసి స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడు. బెజవాడలో ఆదివారం మార్నింగ్ షోలకు ఇంగ్లీషు సినిమాలు వేసే రోజుల్లో ఈ సినిమా నాలుగుసార్లు చూశాడట. నాకు తెలిసిన బాండ్ డేనియల్ క్రెయిగ్. ఆయనకు తెలిసినవాళ్లు ఇద్దరే, షాన్ కానరీ, 'గూఢచారి 116' కృష్ణ. ఈ పెద్దమనిషి డెబ్భై ఒకటో ఏట పాస్‌పోర్టు పట్టుకుని "ఆ ఊరు చూపించరా" అంటే కాదనలేకపోయాను. అలా కిందటి అక్టోబరులో ఆరు రోజులు, సినిమాల్లో చూసిన చోట్లు వెతుక్కుంటూ తిరిగాం.

ముందు వీసా సంగతి. డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లొచ్చిన పుణ్యమా అని మామయ్యకు అమెరికా వీసా ఉంది. అది చెల్లుబాటులో ఉంటే టర్కీ ఈ-వీసా ఇంట్లో కూర్చునే వస్తుంది. నాకు అమెరికా, బ్రిటన్, షెంగెన్ ఏదీ లేదు కాబట్టి కాగితాలన్నీ పట్టుకుని స్టిక్కర్ వీసాకు వెళ్లాల్సి వచ్చింది. "చూశావా, ఆడపిల్లను కంటే లాభం" అని విమానం ఎక్కేదాకా దెప్పాడు.

మొదటి రెండు రాత్రులు సుల్తానహ్మెత్‌లో దిగాం. హోటల్ పేరు చెప్పను. మేడమీద నుంచి సముద్రం కనిపిస్తుందని రాశారు. కనిపిస్తుంది, మేడమీదికి వెళ్తే. మా గది మాత్రం రోడ్డుకంటే నాలుగు మెట్లు కిందికి, కిటికీలోంచి వచ్చేపోయేవాళ్ల బూట్లు కనిపించేవి. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ ఏటవాలు రాళ్ల వీధుల్లో ఎక్కిదిగడం వేరే కథ. మూడో రోజు సిర్కెజి పక్కన మామూలు హోటల్‌కి మారాం. కిటికీ తీస్తే ఎదురింటి గోడే, కానీ ట్రాము మూడు నిమిషాలు, ఫెర్రీ ఏడు నిమిషాలు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు వ్యూ కోసం కక్కుర్తి పడకండి. ఊరంతా వ్యూనే, గది పడుకోవడానికి.

బాసిలికా సిస్టర్న్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడే మా ఇద్దరికీ మొదటి గొడవ. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన భూగర్భ నీటి తొట్టి. 12 వరసల్లో 336 స్తంభాలు. సినిమాలో ఇస్తాంబుల్‌లోని బ్రిటిష్ ఏజెంటు కెరీమ్ బే బాండ్‌ను పడవలో ఈ స్తంభాల మధ్య తీసుకెళ్తాడు. చివర్లో ఒక పెరిస్కోపు. దాంట్లోంచి చూస్తే నేరుగా పైనున్న రష్యన్ కాన్సులేటు గది.

"ఆ కాన్సులేటు ఇప్పుడూ ఉందా?" అని మామయ్య అడిగాడు. ఉంది. ఇస్తిక్లాల్ వీధిలో. అంటే గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయకు ఆవల, కొండమీద. ఈ తొట్టి కింద సొరంగం తవ్వినా అక్కడికి చేరదు. మర్నాడు పనిగట్టుకుని ట్రాములో వంతెన దాటి, కరాకోయ్‌లో ట్యూనెల్ ఎక్కి వెళ్లి చూశాం. 1875లో మొదలైన ఈ ట్యూనెల్ లండన్ తర్వాత ప్రపంచంలోనే రెండో పాత భూగర్భ రైలు. పొడవు చూస్తే అర కిలోమీటరు పైచిలుకు, ఎక్కామనేలోపు దిగాలి. మామయ్యకు కాన్సులేటు కంటే అదే నచ్చింది, మళ్లీ కిందికి దిగి ఇంకోసారి ఎక్కాడు. ఊళ్లో ట్రాముకీ ఫెర్రీకీ దీనికీ అన్నిటికీ ఒకే ఇస్తాంబుల్ కార్డు. ఆ సదుపాయానికి మాత్రం దండం పెట్టాలి.

నా వాదన ఏమిటంటే, భూగోళం తప్పితే లొకేషన్‌ను సరిగ్గా వాడుకోనట్టే. మామయ్య ఒప్పుకోలేదు. "వాడు చూపించింది దారి కాదురా, ఊరి స్వభావం. పైన రాయబారులు టీ తాగుతుంటారు, కింద నీళ్లలో చెవులు పెట్టుకుని ఎవడో వింటుంటాడు." ఇంకో సంగతి కూడా ఆయన వైపే ఉంది. 1987లో జనానికి తెరిచేదాకా ఈ తొట్టిలో నడక దారుల్లేవు. పడవే గతి. సినిమావాళ్లు తీసినప్పుడు ఆ చోటు నిజంగా అలాగే ఉండేది. ఇవాళ మనం ఇనుప వంతెన మీద, రంగు లైట్ల మధ్య, సెల్ఫీ కర్రలు తప్పించుకుంటూ నడుస్తాం. నీళ్లు మడమలోతు కూడా ఉన్నాయో లేదో. తలకిందులుగా, పక్కకు ఒరిగి ఉండే రెండు మెడూసా (గ్రీకు పురాణాల్లో పాముల జుట్టున్న రాక్షసి) రాతి తలల దగ్గర మాత్రం తిరునాళ్లే. సినిమాలో ఎలుకల గుంపు తరుముకొచ్చే సీనుంది, అది ఇక్కడిది కాదు, స్పెయిన్లో తీసుకున్నారు. టిక్కెట్టు విదేశీయులకు బాగానే బాదుతారు, రాత్రి వేళ ఇంకా ఎక్కువ. పొద్దున్నే తలుపులు తీసేసరికి వెళ్లండి.

ఒకప్పటి చర్చి హాగియా సోఫియాలో సినిమాదే పైచేయి. అప్పట్లో అది మ్యూజియం. గైడు వెనక గుంపులో కలిసి బాండ్ కింద నేలమీద తీరిగ్గా తిరుగుతాడు, అక్కడ దాచిన కాగితం చివరికి అతని చేతికొస్తుంది. 2020లో మళ్లీ మసీదయింది. మాలాంటి పర్యాటకులకు 25 యూరోల టిక్కెట్టు, పై గ్యాలరీ మాత్రమే. ఆ గ్యాలరీలోని మొజాయిక్ బొమ్మలకు ఆ డబ్బు తగునేమో గానీ, కింద నుంచి తలెత్తి గోపురం చూసే భాగ్యం లేదు. పైకి వెళ్లే ఏటవాలు దారి మామయ్య మోకాళ్లను తినేసింది. వచ్చి బయట బెంచీ మీద కూర్చుని సిమిత్ (నువ్వులద్దిన గుండ్రటి రొట్టె) తింటూ "ఇది బాండ్‌కే బాగుంది" అన్నాడు.

ఇక నా బాండ్ వంతు. 'స్కైఫాల్' మొదలయ్యేది ఇక్కడే. ఎమినోనులో యెనీ జామీ మసీదు ముందు కార్లు, తర్వాత గ్రాండ్ బజారు పైకప్పు మీద మోటారు సైకిళ్లు. ఆ పెంకుల మీదికి వెళ్లాలని నా కోరిక. వెళ్లనివ్వరు. లోపల తిరిగితే, నాలుగు వేల దుకాణాలున్న ఆ బజారు నాకు పెద్దగా ఎక్కలేదు. దీపాలు, పలకలు, పసుపు కుంకుమల్లా గుట్టలు పోసిన మసాలాలు, "హిందిస్తాన్! షారుఖ్!" అనే కేకలు. ఒక తివాచీ కొట్టాయన మామయ్యకు ఆపిల్ టీ ఇచ్చి నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు. ఆయన చేతులు ఊపుతూ, ఈయన తెలుగులో, ఇద్దరూ బేరమాడుకున్నారు. ఏమీ కొనలేదు. ఆదివారం బజారు మూస్తారు, చూసుకోండి.

ఆ రాత్రి హోటల్లో స్కైఫాల్ మొదటి పన్నెండు నిమిషాలు పెట్టాను. బజారు మీద నుంచి దూకిన బైకు కాసేపట్లో వంతెన గోడకు గుద్దుకుంటుంది, బాండ్ ఎగిరి కింద పోయే రైలు మీద పడతాడు. మామయ్య లేచి కూర్చున్నాడు.

"ఆగరా. బజారు యూరప్ వైపు కదా. ఈ కొండల్లో పోయే బండి ఆసియా వైపుది. మధ్యలో సముద్రం. వీడెలా దాటాడు?"

"ఇప్పుడు సముద్రం కింద మర్మరాయ్ రైలుంది కదా మామయ్యా."

"ఎప్పుడు వేశారు అది?"

2013లో. సినిమా 2012. నా దగ్గర జవాబు లేకపోయింది. ఎడిటింగ్ బల్ల మీద దాటాడు అనుకోవాలి. మర్నాడు మేం మాత్రం సిర్కెజిలో పాతాళానికి దిగినట్టు ఎస్కలేటర్ల మీద ఎస్కలేటర్లు దిగి, నాలుగు నిమిషాల్లో ఆసియా వైపున్న ఉస్కుదార్‌లో తేలాం.

ఉస్కుదార్ ఒడ్డున సలాజక్ దగ్గర మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా నీళ్లలో కీజ్ కులెసి, కన్యగోపురం. 1999 నాటి 'ది వరల్డ్ ఈజ్ నాట్ ఇనఫ్'లో బాండ్ పై అధికారిణిని బంధించేది అందులోనే. సినిమాగా అదేమంత గొప్పది కాదు, నాకు సగంలో నిద్రొచ్చింది. కానీ అక్కడ గంటన్నర కూర్చున్నాక నా మాట మార్చుకున్నాను. రెండు చిన్న గ్లాసుల టీ తాగేలోపు మా ముందు నుంచి మూడు పెద్ద ఓడలు వెళ్లాయి, అందులో ఒకటి చమురు ట్యాంకరు. నల్ల సముద్రం నుంచి బయటికి రావడానికి ఈ బాస్ఫరస్ జలసంధి ఒక్కటే సముద్రపు దారి, ఇరుకైన చోట వెడల్పు ఏడు వందల మీటర్లే. సినిమాలో విలన్ పథకం కూడా అదే. ఈ దారిలో అణు ప్రమాదం జరిపిస్తే ట్యాంకర్లు ఆగిపోతాయి, అప్పుడు కాస్పియన్ చమురుకు తన పైపులైనే దిక్కవుతుంది. ఈ కథను ఇంకో ఊరికి మార్చలేం. స్కైఫాల్ బైకులను ఏ పాత బజారు మీదైనా తోలొచ్చు.

"మెయిన్ లైన్లో ఒక్క బండి పట్టాలు తప్పితే చాలు, డివిజనంతా ఆగిపోతుంది. ఆ పిల్ల రైల్వేలో ఉండాల్సింది" అన్నాడు మామయ్య, విలన్ గురించి.

ఈ సినిమావాళ్లే చేసిన చిత్రం ఇంకొకటి. అదే విలన్‌కు బాకూలో ఒక మహలుంటుంది. ఆ మహలు బాకూలో లేదు, ఇక్కడే ఉంది. బాస్ఫరస్ ఆసియా ఒడ్డున 1857 నాటి కుచుక్సు కాసర్, సుల్తాను వేట విడిది. అదీ ఎక్కడ, ఆ ఏడు వందల మీటర్ల ఇరుకుకు పక్కనే! కథకు ప్రాణమైన చోట నిలబడి, దాన్ని వేరే దేశమని నమ్మించారు. ఒడ్డు వెంట బస్సులో వెళ్లాం. సోమవారం. గేటుకు తాళం. వారం చూసుకోకపోవడం పూర్తిగా నా తప్పు, ఆ మాట మామయ్య ఊరికొచ్చాక కూడా అందరికీ చెప్పాడు. గేటు బయట నుంచే పాలరాతి మెట్లు చూసి, తిరుగు ప్రయాణం ఫెర్రీలో వచ్చాం. ఒక మాట. ఒడ్డు మీద "ప్రైవేట్ బాస్ఫరస్ క్రూజ్" అని చెయ్యి పట్టుకు లాగేవాళ్లను వదిలెయ్యండి. ఊరి జనం ఎక్కే ఫెర్రీలో అవే మహళ్లు, అవే వంతెనలు, పైగా టీ చవక. మేం మొదటి రోజు ఒక పడవవాడికి డబ్బిచ్చి మోసపోయాం. గంటన్నర అని నలభై నిమిషాల్లో దింపేశాడు.

ఐదో రోజు అదానా. అందరూ కప్పడోకియా వెళ్తారు, మేం ఒక వంతెన కోసం గంటన్నర విమానంలో వెళ్లాం. స్కైఫాల్‌లో బాండ్ గుండు తగిలి పడిపోయే రైలు వంతెన అది, వర్దా వయాడక్ట్. బాగ్దాద్ రైల్వే కోసం జర్మన్లు కట్టారు, 1912లో పూర్తయింది. ఎత్తు తొంభై ఎనిమిది మీటర్లు. అదానా నుంచి కారులో గంటకు పైగా, చివరి దారంతా మలుపులు. డ్రైవరుకు ఇంగ్లీషు రాదు కానీ ముందే రేటు కాగితం మీద రాసిచ్చాడు, పైసా ఎక్కువ అడగలేదు. మధ్యాహ్నం ఆయనే ఒక పాకలో అదానా కబాబ్ తినిపించాడు. ఎండుమిర్చి కారం నాలుక మీద పడగానే మామయ్య ముఖం విప్పారింది. దానితోపాటు ఇచ్చిన ఊదారంగు షల్గమ్ అనే పులిసిన నీళ్లు ఒక గుక్క తాగి, "తరవాణిలో ఉప్పెక్కువైంది" అని నా వైపు జరిపాడు.

వంతెన ఎదుట కొండమీద టీ కొట్లున్నాయి. అక్కడ కూర్చుంటే రాతి కమానులు, కింద లోయ, ఎక్కడో సన్నగా నీళ్లు. సినిమాలో ఇది ఎనిమిది క్షణాలుంటుందేమో. ఇస్తాంబుల్ నుంచి తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా ఉన్న చోటును ఊరి శివారులా చూపించారని తిట్టుకుంటూనే, ఆ ఎనిమిది క్షణాలకు ఇంతకంటే మంచి చోటు దొరకదని కూడా అనుకున్నాను. బాండ్ కిందపడితే చచ్చాడనే అనుకోవాలి కదా, ఆ లోతు చూస్తే ఎవరైనా అనుకుంటారు.

బండి ఎప్పుడొస్తుందో కొట్టువాడికి తెలియదు. డ్రైవరు వాచీ చూపించి వెళ్దామన్నాడు. మామయ్య కదల్లేదు. "సింగిల్ లైను. అవతల స్టేషన్లో క్రాసింగ్ పడి ఉంటుంది. వస్తుంది" అన్నాడు. ఇంకో మూడు టీలు. చలిగాలి మొదలైంది. నాలుగింటికి సొరంగంలోంచి కూత వినబడింది, ముందు ఇంజను, వెనక వ్యాగన్లు, నడిచినంత నెమ్మదిగా వంతెన మీదికొచ్చింది. నేను వీడియో తీస్తున్నాను. మామయ్య లేచి నిలబడి, అలవాటుగా కుడిచెయ్యి పైకెత్తి, ఆఖరి వ్యాగన్ దాటేదాకా అలాగే ఉన్నాడు.

"ఇరవై ఆరు" అన్నాడు. "పద, ఆ డ్రైవరబ్బాయికి ఆకలేస్తుంటుంది."