ఫైరింజన్ మోడల్‌కు ఎరుపు వేయడం: కొన్నేళ్ళు వాడి చూశాక నా సమీక్ష

అడిగేవాళ్ళందరూ ఎరుపు గురించే అడుగుతారు. ఏ కంపెనీది, ఏ నంబరు, ఎన్ని కోట్లు (పూతలు) వేశారు అని. షీటు కోసి, అతికించి, మొత్తం చేత్తో కట్టుకున్న ఫైరింజన్ మోడల్ విషయంలో నా లెక్క వేరు. డబ్బయినా ఓపికయినా ఆ ఎరుపు కింద ఉండేవాటి మీదే ఎక్కువ పెట్టాలి. నా అద్దాల బీరువాలో రకరకాల ప్రైమర్లు (రంగు కింద వేసే పూత), రంగులు, క్లియర్లు (రంగు మీద వేసే పారదర్శక పూత) వాడిన బళ్ళు కొన్నేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాయి. వేసిన కొత్తలో అన్నీ తళతళలాడాయి. ఏది నిలిచింది, ఏది దిగజారింది అన్నది ఒకటి రెండు వానాకాలాలు దాటాకే బయటపడింది.

నేను ఎక్కువగా కట్టేది మన ఫైర్ స్టేషన్లలో కనిపించే వాటర్ టెండర్లు (నీళ్ళ ట్యాంకు ఉండే ఫైరింజన్లు), అందులోనూ టాటా 1613 ఛాసిస్ మీద కట్టిన రకం. 1/24 కొలతలో, అంటే అసలు బండిలో 24వ వంతు సైజులో, బండి పొడవు ఒక అడుగుకు కాస్త అటూ ఇటూ వస్తుంది. క్యాబిన్, లాకర్లు స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటుతో, లోపలి పెట్టె సన్‌బోర్డు అనే తేలికపాటి ఫోమ్ షీటుతో, నిచ్చెన ఇత్తడి తీగతో, రిమ్ములు 3డి ప్రింటుతో చేస్తాను. కిట్ కొని కట్టేవాళ్ళకు ఈ గొడవ లేదు, వాళ్ళ బండంతా ఒకే ప్లాస్టిక్. మనకు మాత్రం ఒకే ఎరుపు నాలుగు పదార్థాల మీద నాలుగు రకాలుగా కనిపిస్తుంది. ఇత్తడికి మెటల్ ప్రైమర్ లేకపోతే రంగు గోటితో గీకినా పొరలా లేచి వస్తుంది. 3డి ప్రింటు మీది గీతలు ప్రైమర్ ముందు కనిపించవు, ఎరుపు పడ్డాక దాగవు.

మొదట లప్పం సంగతి. ట్యూబులో వచ్చే ఒంటి పుట్టీ, అంటే థిన్నర్ ఆవిరై గట్టిపడే రకం, పెట్టడానికి సుఖంగా ఉంటుంది, అరగంటలో వాటర్ పేపర్‌తో రుద్దేయొచ్చు. కానీ అది నెలల తరబడి కుంచించుకుంటూనే ఉంటుంది. నా పాత బండి ఒకదాని కప్పు మీద, రెండు షీట్లు కలిసిన చోట, సరిగ్గా ట్యూబులైటు వెలుగు పడే దగ్గర, సన్నటి గీత మళ్ళీ తేలింది. రంగు పగల్లేదు, కింద పుట్టీ లోపలికి పోయిందంతే. ఆ తర్వాత నుంచి పెద్ద సందులకు హార్డెనర్ కలిపే కారు బాడీ ఫిల్లర్, మూలలకు ఎం-సీల్, వెంట్రుక వాసి సందులకు ఫెవిక్విక్‌లో తినే సోడా వాడుతున్నాను. ఈ మూడూ రసాయన చర్యతో గట్టిపడేవి కాబట్టి తర్వాత కుంగవు. ఒక్క జాగ్రత్త: ఫెవిక్విక్, సోడా కలిపిన చోటు మర్నాటికి స్టైరీన్ కంటే గట్టిపడుతుంది. అప్పుడు రుద్దితే చుట్టూ ప్లాస్టిక్ అరుగుతుంది కానీ అది అరగదు. పెట్టిన పూటే రుద్దేయాలి.

ఇక ప్రైమర్. ఎరుపులో వాడే రంగు పొడులు చాలావరకు పూర్తిగా కప్పేవి కావు, అడుగున ఏముందో పైకి చూపిస్తాయి. బూడిద రంగు ప్రైమర్ మీద ఎరుపు చల్లబడి ఇటుక వైపు పోతుంది. తెల్ల ప్రైమర్ మీద మెరుస్తుంది కానీ అంచుల దగ్గర, కోటు పల్చబడిన చోటల్లా తెలుపు తొంగిచూస్తుంది. దాన్ని కప్పడానికి ఇంకో కోటు, ఇంకో కోటు అంటూ పోతే వివరాలన్నీ పూడిపోతాయి. నాకు బాగా కుదిరింది గులాబీ ప్రైమర్. మోడళ్ళ సామాను చేసే టమియా కంపెనీ ఫైన్ సర్ఫేస్ ప్రైమర్‌లో గులాబీ రకం దొరుకుతుంది. దాని మీద రెండు పల్చటి కోట్లు, ఒక తడి కోటు చాలు, బండి నలుమూలలా ఒకే ఎరుపు. అది దొరకని రోజుల్లో మిస్టర్ సర్ఫేసర్ 1500 అనే ప్రైమర్ బూడిద రంగుది వేసి, దాని మీద తెలుపులో కొంచెం ఎరుపు కలిపి ఒక పూత కొడతాను. ఫలితం ఇంచుమించు అంతే.

సరే, ఆ ఎరుపు ఏది? మన దేశంలో ఐఎస్ 5 అనే రంగుల ప్రమాణం ఉంది. అందులో 536 ఫైర్ రెడ్, 537 సిగ్నల్ రెడ్, 538 పోస్టాఫీస్ రెడ్. కార్ల రంగులు కలిపే షాపులో 536 అని చెబితే షేడు కార్డు తీసి చూపిస్తారు, చిన్న డబ్బాలో పోయించుకోవచ్చు. అయితే అదే షేడును అడుగు పొడవు బండికి ఉన్నదున్నట్టు వేస్తే ముదురుగా, బరువుగా కనిపిస్తుంది. చిన్న వస్తువు మీద రంగు ముదిరినట్టు అనిపించడం మోడల్ కట్టే వాళ్ళందరికీ తెలిసిందే. తేలిక చేయడానికి తెలుపు కలపకూడదు, గులాబీ అవుతుంది. నేను నారింజ రంగు చుక్కలు చుక్కలుగా కలుపుతాను. టమియా స్ప్రేలలో టీఎస్-49 బ్రైట్ రెడ్ నా కంటికి మన బళ్ళకు చాలా దగ్గర, కలపాల్సిన పని కూడా లేదు. పీఎస్ అని ఉన్న డబ్బాలు మాత్రం తీసుకోవద్దు, అవి రిమోట్ కార్ల పాలీకార్బొనేట్ బాడీలకు వేసేవి.

దిగుమతి స్ప్రే డబ్బాలతో చిక్కు నాణ్యతలో లేదు, రావడంలో ఉంది. లోపల పీడనంతో ఉన్న మండే వాయువు కాబట్టి విమానంలో పంపరు. దొరికినప్పుడు దొరికినట్టు, చెప్పిన ధరకు కొనుక్కోవాలి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే చవక స్ప్రే ఒకటి వాడాను, పేరు అనవసరం. నాజిల్ నుంచి లావు చుక్కలు పడి బత్తాయి తొక్కలా ఆరింది. అది గేట్లకు, కూలర్ స్టాండ్లకు బాగుంటుంది.

చివరికి నేను స్థిరపడింది కార్ల షాపులో కలిపిన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ లాక్కర్) రంగు, దాన్ని గాలితో సన్నగా చిమ్మే ఎయిర్‌బ్రష్. ఒక వంతు రంగుకు ఒకటిన్నర వంతు థిన్నర్, గాలి పీడనం 15 నుంచి 20 పీఎస్ఐ. బాడీకి 0.5 మిల్లీమీటర్ల నాజిల్, చిన్న భాగాలకు 0.3. నాసిరకం థిన్నర్ బ్రష్ కడగడానికే పనికొస్తుంది. రంగులో కలపడానికి మంచిది కొనాల్సిందే. ఇంకోటి, ఎన్‌సీ రంగు ఉత్త స్టైరీన్ మీద తడిగా పడితే ప్లాస్టిక్‌ను తినేస్తుంది, సన్నటి పగుళ్ళు వస్తాయి. ప్రైమర్ పూర్తిగా కప్పాక, మొదటి రెండు కోట్లు మంచు పట్టినట్టుగా దూరం నుంచి కొట్టి, ఆరాకే తడి కోటుకు వెళ్ళాలి. మూతికి సేంద్రియ ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ తప్పనిసరి. ఎన్95 దుమ్మును ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు.

విజయవాడలో ఈ పనికి వాతావరణంతో పెద్ద టెన్షన్. ఆగస్టులో తేమ 70 శాతం దాటిన రోజు లాక్కర్ వేస్తే, థిన్నర్ ఆవిరయ్యే వేగానికి ఉపరితలం చల్లబడి గాలిలోని నీరు దాని మీద చేరుతుంది. ఎర్రటి తలుపు మీద పాలిపోయిన తెల్ల పొర వస్తుంది. రిటార్డర్ (ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలిపిన నెమ్మది థిన్నర్‌ను పల్చగా పైన కొడితే చాలాసార్లు పోతుంది. మే నెలలో సరిగ్గా వ్యతిరేకం, రంగు గాల్లోనే ఆరిపోయి గరుకు పొడిలా పడుతుంది. అప్పుడూ మందు నెమ్మది థిన్నరే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఉదయం పది దాటాక, ఈ బాధలేవీ ఉండవు. గదిలో తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొన్నాను. నా సామాన్లలో ఖరీదుకు తగ్గ ఫలితం ఇచ్చింది అదే అంటే కొందరు నవ్వుతారు.

క్లియర్ విషయంలో నా అభిప్రాయం మారింది. మొదట్లో కార్లకు వేసే హార్డెనర్ క్లియర్ అంటే మోజు. తెలిసిన బాడీ షాపులో, వాళ్ళ బూత్‌లో, ఏదో బంపరుతో పాటు నా క్యాబిన్‌కూ కొట్టించాను. దాని హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు ప్రమాదం, ఇంట్లో కొట్టే ఆలోచనే వద్దు. మెరుపు అద్భుతం, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కానీ లెక్క చూడండి. అది ఆరాక మందం 50 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. 1/24లో అది అసలు బండి మీద 1.2 మిల్లీమీటర్ల పొరతో సమానం. అసలు బండి తలుపు సందు 5, 6 మిల్లీమీటర్లు అనుకుంటే మోడల్ మీద పావు మిల్లీమీటరు. ఆ గీత రెండు గోడల మీదా ప్రైమర్, రంగు, క్లియర్ పడితే ఇంకేం మిగులుతుంది? తలుపు, క్యాబిన్ కలిసిపోయి సబ్బు బిళ్ళ తయారైంది. ఇప్పుడు గీతలను ముందే 0.4 మిల్లీమీటర్ల వరకు వెడల్పుగా గీస్తున్నాను, పైన టమియా టీఎస్-13 క్లియర్ స్ప్రే పల్చగా వేస్తున్నాను. అది బాగా ఆరాక, వాసన పూర్తిగా పోయాక, 2000, 3000 వాటర్ పేపర్లు తడిపి రుద్ది పాలిష్ కాంపౌండ్ పట్టిస్తాను. అంచుల జోలికి పోను, అక్కడ పొర పల్చన, రెండు రుద్దులకు గులాబీ బయటపడుతుంది.

ఎన్‌సీ క్లియర్ వేసిన పాత బండి మాత్రం పసుపు తిరిగింది. ఎరుపు మీద ఎవరికీ తెలియదు, తెల్ల పట్టీ మీద స్పష్టంగా కనిపిస్తుంది.

తెల్ల పట్టీ అంటే గుర్తొచ్చింది. ఎరుపు మీద తెలుపు ఎప్పుడూ వేయకండి. పైన పడ్డ థిన్నర్ కింది ఎరుపును కరిగించి పైకి లాగుతుంది, కాసేపటికి పట్టీ గులాబీ అవుతుంది. తెలుపు ముందు వేసి, టేపుతో మూసి, తర్వాత ఎరుపు వేయాలి. ఇప్పటికే ఎరుపు వేసేసి ఉంటే మధ్యలో పల్చటి సిల్వర్ పూత కొట్టండి, అది అడ్డుగోడలా ఆపుతుంది. టేపు అంచు మీద ముందుగా తెలుపునే మళ్ళీ ఒకసారి కొడితే సందుల్లోకి దూరేది తెలుపే, ఎరుపు లోపలికి పాకదు. స్టేషనరీ షాపు టేపు అంచు రంపంలా ఉంటుంది. ఇక్కడ మాత్రం మోడల్ టేపుకే డబ్బు పెట్టాలి.

అక్షరాలకు మన ఊళ్ళో గొప్ప సదుపాయం ఉంది: రేడియం స్టిక్కర్ షాపు. మామూలు ప్రింటర్‌కు తెల్ల సిరా ఉండదు కాబట్టి తెల్ల అక్షరాల డీకాల్ (మోడల్ మీద అతికించే పల్చటి బొమ్మ పొర) ఇంట్లో చేయలేం. బైకు నంబర్లు కోసే ఆ యంత్రంతోనే స్టెన్సిల్ కోయించి, ఎయిర్‌బ్రష్‌తో అక్షరాలు కొడతాను. ఇంగ్లిష్ ‘ఫైర్’ చిన్న సైజులో కూడా శుభ్రంగా వస్తుంది. తెలుగులో ‘అగ్నిమాపక’ అంటే వేరే కథ. ‘గ్ని’ కింద వత్తు, ‘మా’ చివరి కొమ్ము పీకేటప్పుడు స్టిక్కర్‌తో పాటే లేచి వచ్చేస్తాయి. షాపు కుర్రాడు బ్లేడు కొత్తది వేసి, వేగం తగ్గించి, కాస్త లావు ఫాంటు పెట్టాక కుదిరింది. వచ్చిన అక్షరాలు డీకాల్ కంటే ఎన్నో రెట్లు మేలు, అంచు లేవదు, పసుపెక్కదు.

మెరిసే భాగాల్లో కాలపరీక్షకు నిలిచింది వంటింటి అల్యూమినియం ఫాయిల్. లాకర్ల షట్టర్లకు, అడుగు పెట్టే చెకర్ ప్లేటుకు దాన్ని జిగురుతో అతికించి, కింది నమూనా తేలేలా పుల్లతో నొక్కుతాను. అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. క్రోమ్ పెన్ను అద్దాల ఫ్రేములకు, బండి మీది గంటకు చాలా బాగుంటుంది, కానీ వేలు తగిలిన చోటల్లా మసకబారుతుంది, పైన క్లియర్ వేస్తే మామూలు సిల్వర్ అయిపోతుంది. కిటికీలకు ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు), అతికించడానికి ఫెవికాల్. ఫెవిక్విక్ ఆవిరి అద్దాన్ని తెల్లగా మసకబారుస్తుంది.

మురికి, తుప్పు వేయడం నాకు నచ్చదు. మన స్టేషన్లలో బళ్ళను రోజూ కడుగుతారు, ఏప్రిల్ 14 అగ్నిమాపక వారోత్సవాల మొదటి రోజైతే అద్దంలా ఉంటాయి. టైర్లకు, ఛాసిస్ అడుగుకు కాస్త దుమ్ము రంగు, తలుపు గీతల్లో నలుపుకు బదులు ముదురు గోధుమ రంగు, అంతే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఒక్క బండే కట్టాలనుకుంటే గులాబీ ప్రైమర్ డబ్బా, టీఎస్-49, టీఎస్-13, మంచి టేపు కొనుక్కోండి, ఎయిర్‌బ్రష్ అక్కర్లేదు. రెండో బండి కూడా కడతామన్న నమ్మకం ఉంటే ఆ డబ్బుకు ఇంకొంచెం వేసి కంప్రెసర్, బ్రష్ తీసుకుని కార్ల షాపు రంగుకు మారిపోండి. డబ్బాలో మిగిలిన ఎరుపును మూత గట్టిగా బిగించి నీడలో పెడితే వచ్చే బండికీ పనికొస్తుంది. వాడే ముందు అడుగు దాకా బాగా కలిపి, సన్నటి జల్లెడ గుడ్డలో వడగట్టండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది.