రిమోట్‌పై అయిదు అంకెలు: ‘టెర్మినేటర్ 2’ అల్టిమేట్ ఎడిషన్ డీవీడీ

జేమ్స్ కామెరాన్ 1991లో తీసిన ‘టెర్మినేటర్ 2: జడ్జ్‌మెంట్ డే’ ఎన్ని రకాల డిస్కులుగా వచ్చిందో లెక్క పెట్టడం కష్టమే గానీ, నా అలమరలో ఇంతవరకూ చోటు ఖాళీ చేయనిది మాత్రం 2000లో అమెరికాలో వెలువడిన ‘అల్టిమేట్ ఎడిషన్’ డీవీడీ ఒక్కటే. బొమ్మ స్పష్టత విషయంలో ఇది తరువాతి బ్లూరేల ముందు నిలవదన్నది నిజమే. అయినా 2017 నాటి 4కే ప్రతిలో ఫిల్ము గ్రెయిన్‌ను, అంటే ఫిల్ము మీద సహజంగా కనిపించే సన్నని రేణువులను, మరీ తుడిచేయడంతో ముఖాలు మైనం పూసినట్లు కనిపించడం చూశాక, ఈ పాత డిస్కు మీద నాకు గౌరవం పెరిగింది.

లోహంలా మెరిసే పైతొడుగులోంచి బయటకు తీస్తే ఉండేది ఒక్కటే డిస్కు. అయితే దానికి రెండు వైపులా సమాచారం ఉంటుంది, ఒక్కో వైపునా రెండేసి పొరలు. ఒక వైపు సినిమా, రెండో వైపు అనుబంధాలు. సినిమా ఉన్న వైపున 137 నిమిషాల థియేటర్ ప్రతి, దానికి పావుగంటకు పైగా నిడివి చేర్చిన స్పెషల్ ఎడిషన్ రెండూ ఇమిడి ఉన్నాయి. రెండు పూర్తి సినిమాలను విడివిడిగా ముద్రించడానికి చోటు చాలదు కనుక, ఉమ్మడి సన్నివేశాలను ఒక్కసారే నిలవచేసి, మనం ఎంచుకున్న ప్రతిని బట్టి అదనపు ముక్కలను ప్లేయర్ కలుపుకొనిపోయేలా, లేదా దాటేసేలా అమర్చారు. ఆ అతుకులు నా ప్లేయర్‌లో ఎక్కడా తెలియలేదు.

ఈ డిస్కు విలువంతా ఆ కలిపిన ముక్కల్లో ఉంది. ఉదాహరణకు, భవిష్యత్తు నుంచి కాపలాగా వచ్చిన యంత్రం టెర్మినేటర్ తలలోని చిప్‌ను, అది కాపాడుతున్న, రేపు మనుషులకు నాయకుడు కాబోయే జాన్, అతని తల్లి శారా కలిసి బయటకు తీసే సన్నివేశం థియేటర్ ప్రతిలో లేదు. ఒంటరిగా పంపినప్పుడు ఆ యంత్రం కొత్త విషయాలు నేర్చుకునే వీలు లేకుండా చిప్‌కు ముందే తాళం వేసినట్లు అమర్చి పంపుతారు. దాన్ని మార్చాలంటే తల తెరవక తప్పదు. చిప్ చేతికి రాగానే శారా దాన్ని సుత్తితో నుజ్జు చేయబోతుంది. పదేళ్ల పిల్లవాడు అడ్డుపడి, రేపు నేను నాయకుణ్ణి కావాలంటే ఈరోజు నా మాట కన్నతల్లి అయినా వినాలి కదా అన్న తీరులో నిలదీస్తాడు. తల్లీకొడుకుల మధ్య బరువు ఎటు మొగ్గిందో తెలిపే ఘట్టం ఇదే. ఇది లేకపోతే యంత్రం మనిషితనం నేర్చుకోవడం మొదలైన క్షణమే కథలోంచి జారిపోతుంది.

ఆ సన్నివేశాన్ని చిత్రీకరించిన తీరు మరింత ముచ్చటైనది. తెర మీద మనకు అద్దం ముందు కూర్చున్న, టెర్మినేటర్‌గా నటించిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, వెనుక నిలబడి అతని తల తెరుస్తున్న శారా, అద్దంలో వారిద్దరి ప్రతిబింబాలు కనిపిస్తాయి. నిజానికి అక్కడ అద్దమే లేదు. గోడకు చేసిన ఖాళీకి ఇవతల బొమ్మ తల, అవతల అసలు ఆర్నాల్డ్. శారాగా నటించిన లిండా హామిల్టన్, ఆమె కవల సోదరి లెస్లీ చెరొక వైపున నిలబడి ఒకేసారి చేతులు కదిపారు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు కొత్త దారి వేసిందని పేరొందిన సినిమాలో, కవల పిల్లలూ ఒక బొమ్మా కలిసి చేసిన ఈ గారడీని నేను రిమోట్‌తో ఆపి ఆపి చూశాను. ఇద్దరి మోచేతులు కదిలే వేగంలో వెంట్రుకవాసి తేడా ఉన్నట్లు అనిపించింది, అది తెలిసి వెతికే కంటికి మాత్రమే.

ఉక్కు కర్మాగారంలో గడ్డకట్టి, పగిలి, మళ్లీ కరిగి లేచిన టీ-1000కు (జాన్‌ను చంపడానికి వచ్చిన, ఏ రూపమైనా ధరించగల ద్రవలోహపు యంత్రానికి) లోపం మొదలైనట్లు చూపే ముక్కలు కూడా ఇందులోనే ఉన్నాయి. దాని చేయి పట్టుకున్న కడ్డీ రంగులోకి మారిపోతుంది. శారా రూపంలో ఎదుట నిలిచినప్పుడు పాదాలు నేలలో కలిసిపోవడం చూసి జాన్ దాన్ని గుర్తు పడతాడు. అయితే శారా కలలోకి, మొదటి సినిమాలో చనిపోయిన జాన్ తండ్రి కైల్ రీస్ వచ్చే సన్నివేశం మాత్రం, మొదటి సినిమా అభిమానులకు ఎంత ఇష్టమైనా, కథ నడకను కుంటుపరుస్తుందనే నా అభిప్రాయం.

ఇవి గాక మూడో ప్రతి ఒకటి దాగి ఉంది. స్పెషల్ ఎడిషన్ మెనూలో రిమోట్‌తో 8, 2, 9, 9, 7 వరుసగా నొక్కితే అది బయటపడుతుంది. కథలో అణుప్రళయం జరగవలసిన రోజు 1997 ఆగస్టు 29. ఆ తేదీయే తాళంచెవి. తేదీ ముందు, నెల తరువాత రాసే మన అలవాటు కొద్దీ నేను మొదట 29897 అని రెండుసార్లు నొక్కి, డిస్కులోనే ఏదో లోపం ఉందనుకున్నాను. అమెరికావారు నెలను ముందు రాస్తారన్న సంగతి ఆ తరువాత గానీ తట్టలేదు. ఇంత శ్రమపడి తెరిస్తే దొరికేవి రెండు: టీ-1000 జాన్ గదిని తడుముతూ వెతకడం, వృద్ధురాలైన శారా వాషింగ్టన్ పార్కులో కూర్చొని, సెనేటర్ అయిన కొడుకునూ మనవరాలినీ చూసుకుంటూ మురిసిపోయే ముగింపు. మొదటిది చల్లగా భయపెడుతుంది. రెండోది పెళ్లి భోజనంలో తాంబూలం తరువాత మళ్లీ వడ్డించిన పాయసం లాంటిది. చీకటి రోడ్డు మీద ముగిసే థియేటర్ ప్రతిలోని అనిశ్చితి ముందు ఇది తేలిపోతుంది. దాన్ని రహస్యంగా ఉంచడమే మంచిదైంది.

ఇరవైఆరుగురు నటులు, సాంకేతిక నిపుణుల మాటలను కలిపి కూర్చిన వ్యాఖ్యానం వినదగినదే గానీ, ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. ధ్వని మాత్రం ఇప్పటికీ గదిని నింపుతుంది. ఆసుపత్రిలో టీ-1000 ఊచల మధ్య నుంచి జారి వచ్చేటప్పటి చప్పుడు, డబ్బాలోంచి కుక్క తిండి మెల్లగా జారే చప్పుడేనని, ధ్వని రూపకర్త గ్యారీ రైడ్‌స్ట్రామ్ దాన్ని అలా పట్టారని తెలిశాక ఆ ఘట్టాన్ని మునుపటిలా చూడలేము.

రెండో వైపున మూడు డాక్యుమెంటరీలు, పూర్తి స్క్రీన్‌ప్లే, వందలాది స్టోరీబోర్డు చిత్రాలు ఉన్నాయి. డాక్యుమెంటరీలకు వంక పెట్టలేను. రాతపేజీల దగ్గరే నా ఓపిక నశించింది: ఒక్కో పేజీకి ఒక్కో బాణం గుర్తు నొక్కుతూ టీవీ మీద స్క్రీన్‌ప్లే చదవడం ఎవరికి సాధ్యమో తెలియదు. ఆ విషయాన్ని ఒక చిన్న పుస్తకంగా అచ్చువేసి ఇచ్చి ఉంటే నలిగిపోయేదాకా చదివేవాణ్ణి.

మన దేశంలో దీన్ని కొనదలచినవారు ఒకటి గమనించాలి. డీవీడీలు ప్రపంచంలోని ఏ ప్రాంతంలో ఆడాలో నిర్ణయించే సంకేతాలను రీజియన్లు అంటారు. ఇది రీజియన్ 1 డిస్కు, భారతదేశం రీజియన్ 5లో ఉంది. అన్ని రీజియన్లనూ ఆడించే ప్లేయర్ లేకపోతే డిస్కు లోపలికి వెళ్లినట్లే వెళ్లి తిరిగి బయటకు వస్తుంది. ఇప్పుడు దొరికేవి చాలావరకు వాడిన ప్రతులే. రెండు వైపులా సమాచారం ఉన్నందున బొమ్మ అచ్చువేయడానికి చోటు లేదు, ఏ వైపు ఏదో నడిమి రంధ్రం చుట్టూ ఉన్న చిన్న అక్షరాలే చెబుతాయి. కనుక డబ్బు ఇచ్చే ముందు డిస్కును అంచులతో పట్టుకొని, రెండు వైపులనూ వెలుతురుకు ఏటవాలుగా తిప్పి గీతలేమైనా ఉన్నాయేమో చూసుకోండి.