డావించీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్: పెళ్లి వీడియోలకు సరిపోతుందా?

హన్మకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటా, డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో. దీనికి ఒక ఫ్రీ వెర్షన్, డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్ ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: మన పనికి ఫ్రీ వెర్షన్ చాలావరకు సరిపోతుంది. ఇందులో ఎఫెక్టు వేయడం ఎంత సులువో, వేసినదాన్ని తగ్గించడం అంతకన్నా సులువు. పెళ్లి వీడియోకు ఆ తగ్గించడమే ముఖ్యం.

మైలపోలు సీనే తీసుకోండి. పెళ్లికూతురి ముఖం నిండా పసుపు, వెనక బంతిపూల దండలు, చీర కూడా పసుపే. ముఖానికి మాత్రం కాస్త వెలుగు పెంచుదామని కలర్ పేజీలో క్వాలిఫయర్‌తో (రంగును బట్టి సెలెక్ట్ చేసే టూల్) చెంప మీద క్లిక్ చేస్తే దండలూ చీరా అన్నీ కలిసి వచ్చేస్తాయి. షిఫ్ట్ హెచ్ కొడితే ఏది సెలెక్ట్ అయిందో, ఏది బూడిద రంగులోకి పోయిందో కనిపిస్తుంది. హ్యూ వెడల్పు, అంటే సెలెక్ట్ అయ్యే రంగుల పరిధి, తగ్గించి, ముఖం చుట్టూ గుండ్రటి పవర్ విండో (మార్పును ఆ గీత లోపలికే పరిమితం చేసేది) గీసి ట్రాకర్‌కు అప్పగిస్తే, అమ్మాయి తల తిప్పినా విండో వెంటే పోతుంది. అంచు గీత గీసినట్టు కనిపిస్తే మ్యాట్ ఫినెస్‌లో (సెలెక్షన్ అంచులు సరిచేసే చోటు) బ్లర్ రేడియస్ కొద్దిగా పెంచాలి. వెలుగు ఎక్కువైందనిపిస్తే ఇదంతా మళ్లీ చేయనక్కర్లేదు. కీ ప్యాలెట్‌లో కీ ఔట్‌పుట్ గెయిన్ 1 నుంచి 0.5కు దించితే ఆ నోడ్ (మనం చేసిన ఒక్కో కలర్ మార్పు ఉండే డబ్బా) పని సగానికి తగ్గుతుంది. "మా పిల్ల ఇంకింత తెల్లగ కనవడాలె తమ్మీ" అని మేనత్త కుర్చీ వెనక నిలబడితే నన్ను కాపాడేది ఈ గెయినే. ఆమె ఉన్నంతసేపు పెంచుతా, పోయాక దించుతా.

వెలుగున్న చోట్లకు మెరుపు పూసే గ్లో ఎఫెక్టు మాత్రం వేసీ వేయగానే నగలు, జరీ, తెల్ల చొక్కాలు అన్నీ పొగలు కక్కుతాయి. షైన్ థ్రెషోల్డ్ (ఎంత వెలుగున్నవి మెరవాలో చెప్పే హద్దు) పెంచుకుంటూ పోవాలి, హారం మీది మెరుపు ఒక్కటే మిగిలేదాకా. మెరుపు ఎంత దూరం పాకాలో చెప్పే స్ప్రెడ్ కూడా తగ్గించండి. బతుకమ్మ వీడియోల్లో రంగులన్నిటినీ ఒకేలా చిక్కబరిచే శాచురేషన్ జోలికి పోకండి, తంగేడు రేకులు ముద్ద అయిపోతాయి. దానికి బదులు కలర్ బూస్ట్ పెంచితే వెలిసినట్టున్న రంగులు లేస్తాయి, ఉన్న పసుపు అంతగా చెడదు.

తలంబ్రాల స్లో మోషన్ వేరే కథ. సెకనుకు 25 ఫ్రేముల షాట్‌ను సగం స్పీడుకు దించి ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేరే ఊహించి తయారుచేసే పద్ధతి) పెడితే ముఖాలు నున్నగా కదులుతాయి కానీ, గాలిలో ఉన్న బియ్యం గింజలు ఒకదానికొకటి అతుక్కుని చారల్లా సాగుతాయి. నియరెస్ట్ (ఉన్న ఫ్రేములనే మళ్లీ చూపించే పద్ధతి) పెడితే గింజలు బాగానే ఉంటాయి, కదలిక కొట్టుకుంటుంది. ఆ రెండు నిమిషాలు 50 ఫ్రేముల్లో తీయమని కెమెరా అన్నకు ముందే చెప్పడం మేలు. తర్వాత క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో 25 పెడితే నిజమైన స్లో మోషన్ వస్తుంది. టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ క్లిప్పులు తెచ్చుకోకముందే ఖాయం చేసుకోండి, తర్వాత అది మారదు.

ఫ్రీలో లేనివి: నాయిస్ రిడక్షన్ (చీకటి షాట్లలో గరుకు తగ్గించేది), డీఫ్లికర్ (లైట్ల మినుకు తీసేసేది), ఫేస్ రిఫైన్‌మెంట్ (ముఖం నున్నగా చేసేది). ఇవి స్టూడియో వెర్షన్‌వి. ఫ్రీలో వేసి చూడొచ్చు, వీడియో మీద వాటర్‌మార్క్ పడుతుంది. ఫంక్షన్ హాల్ లైట్ల మినుకు కోసమే స్టూడియో కొనక్కర్లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, షటర్ 1/50 లేదా 1/100లో పెట్టి తీస్తే చాలావరకు ఆ బాధ ఉండదు. బరాత్ చీకట్లో ఐఎస్‌ఓ (కెమెరా వెలుగు గ్రహించే స్థాయి) పెంచి తీసిన షాట్లకు మాత్రం నాయిస్ రిడక్షన్ లేని లోటు తెలుస్తుంది. ఫేస్ రిఫైన్‌మెంట్ లేకపోవడం నా దృష్టిలో లోటే కాదు, ముఖాలు ప్లాస్టిక్ బొమ్మల్లా తయారవుతున్నది దాన్ని అతిగా వాడబట్టే.

స్టూడియో ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు, ఏడాదికోసారి కట్టే గోల లేదు. రాత్రి బరాత్‌లు ఎక్కువ చేసేవాళ్లు కొనుక్కోవచ్చు. మిగతావాళ్లు ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి, ఈ సాఫ్ట్‌వేర్ బరువంతా దాని మీదే పడుతుంది. నోడ్లు పెరిగేకొద్దీ ప్లేబ్యాక్ ఆగి ఆగి నడుస్తుంది. కార్డు కొనేదాకా ప్లేబ్యాక్ మెనూలో రెండర్ క్యాష్‌ను (బరువైన షాట్లను ముందే తయారుచేసి దాచుకునేది) స్మార్ట్‌లో ఉంచి, అదే మెనూలో టైమ్‌లైన్ ప్లేబ్యాక్ రిజల్యూషన్ సగానికి దించుకుని పని కానివ్వండి. ఎక్స్‌పోర్ట్ ఎలాగూ ఫుల్ క్వాలిటీలోనే వస్తుంది.