తలంతా కరెంటా, గడ్డల వరకేనా?

రేడియేషన్‌ని మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఊపిరితిత్తుల్లోనో రొమ్ములోనో పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకితే, ఆ కరెంటు తలంతటికీ పెట్టించాలా, స్కాన్‌లో కనబడ్డ గడ్డలకే పెట్టించాలా?

తలంతటికీ పెట్టడం పాత పద్ధతి. మామూలుగా 10 సిట్టింగులు, మొత్తం 30 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత). స్కాన్‌కు చిక్కని కణాలకూ దెబ్బ తగులుతుంది. జుట్టు రాలడం గురించే అందరూ బెంగపడతారు గానీ అసలు దెబ్బ జ్ఞాపకశక్తి మీద.

రెండోది రేడియోసర్జరీ. పేరుకే సర్జరీ, కత్తి ఉండదు. 1951లో దీనికి ఆ పేరు పెట్టింది స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్. ఆయన గామా నైఫ్ యంత్రంలో కోబాల్ట్ కిరణాలు అన్ని వైపుల నుంచీ సన్నగా వచ్చి గడ్డ దగ్గర కలుస్తాయి. దారిలోని మెదడుకు తగిలేది కొద్దిగానే. చిన్న గడ్డకైతే తరచుగా ఒక్క సిట్టింగే చాలు.

2016లో వెలువడ్డ ఒక అమెరికా ట్రయల్ ఈ లెక్క తేల్చింది. ఒకటి నుంచి మూడు గడ్డలున్న 213 మంది. అందరికీ రేడియోసర్జరీ చేసి, సగం మందికి అదనంగా తలంతా కరెంటు పెట్టారు. మూడు నెలలకు జ్ఞాపకం, ఆలోచన మందగించినవాళ్లు అదనపు కరెంటు పెట్టినవాళ్లలో 91.7 శాతం, పెట్టనివాళ్లలో 63.5 శాతం. (ఇదీ తక్కువేం కాదు.) మెదడులో జబ్బు అదుపులో ఉన్నది మాత్రం మొదటివాళ్లలోనే ఎక్కువ: 93.7 శాతం, రెండోవాళ్లలో 75.3. అయినా ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అందుకే గడ్డలు కొన్నే ఉంటే నా ఓటు రేడియోసర్జరీకే. కాకపోతే కొత్తవి పుట్టే అవకాశం ఎక్కువ కాబట్టి రెండు మూడు నెలలకోసారి ఎమ్మారై తప్పదు. ఊరి నుంచి అన్నిసార్లు రాగలరా అన్నది ముందే చూసుకోవాలి.

తలనిండా గడ్డలుంటే పాత పద్ధతికే వెళ్లాల్సి రావచ్చు. అప్పుడు జ్ఞాపకాలకు ఆయువుపట్టైన హిప్పోకాంపస్‌ను తప్పించి పెట్టగలరా, మతిమరుపు జబ్బుకు వాడే మెమాంటిన్ మాత్ర ఇస్తారా అని అడగండి. ఈ రెండూ కలిస్తే నష్టం తగ్గుతుందని 2020 నాటి ట్రయల్ చూపింది.

మూడో దారి, అంటే అసలు కరెంటే పెట్టించకపోవడం గురించి ఎవరూ నోరు విప్పరు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకి, ఆపరేషన్‌కూ రేడియోసర్జరీకీ వీలుకాని 538 మందిపై బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో క్వార్ట్జ్ ట్రయల్ జరిగింది. తలంతా కరెంటు పెట్టినవాళ్లు సగటున 9.2 వారాలు, స్టెరాయిడ్లు, సేవలతో సరిపెట్టినవాళ్లు 8.5 వారాలు బతికారు. మంచం పట్టిన మనిషిని రోజూ ఆటోలో తిప్పే ముందు డాక్టర్‌ని ఈ సంగతీ అడగండి.