తప్పుకోవాలా, నిలబడి కాల్చొచ్చా?

ఆత్మరక్షణ కోసం ఇంట్లో పిస్తోలు ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని అమెరికా సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తేల్చింది. సరే, మరి దాన్ని ఎప్పుడు పేల్చొచ్చు? అది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

న్యూయార్క్‌లో, ఇంటి బయట ఎవరైనా మీదికొచ్చినప్పుడు పూర్తి క్షేమంగా తప్పుకునే వీలుందని తెలిస్తే తప్పుకోవాల్సిందే, ప్రాణం తీసే దెబ్బ కొట్టకూడదు. ఫ్లోరిడాలో 2005 చట్టం ఈ షరతు తీసేసింది: మనం ఉండే హక్కున్న చోట, సహేతుకమైన ప్రాణభయం ఉంటే వెనక్కి తగ్గక్కర్లేదు.

పార్కింగ్ దగ్గర గొడవ అనుకోండి. అవతలివాడు కేకలేస్తూ వస్తున్నాడు, మీరు కారులోనే ఉన్నారు, ఇంజన్ ఆన్‌లో ఉంది, ముందు దారి ఖాళీ. న్యూయార్క్ చట్టం వెళ్లిపొమ్మంటుంది. నాకదే న్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే భయం ఎంత నిజమైనా ఒక్కోసారి అంచనా తప్పుతుంది, పేలిన తూటా మాత్రం వెనక్కి రాదు. ఫ్లోరిడా వైపు వాదనలోనూ బలముంది, కాదనను: దాడి జరుగుతున్న ఆ క్షణంలో, అందులోనూ పరుగెత్తలేని మనిషి, దారులు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేడు. కానీ అలాంటి మనిషిని న్యూయార్క్ చట్టం కూడా పారిపొమ్మనదు, క్షేమంగా తప్పుకోగలిగితేనే ఆ బాధ్యత.